మెంతిమొలక, 53 లక్షల అక్షరములు

పోపులపెట్టెలో ఒక మూలగిన్నెలో ఒదిగియుండు మెంతులను మన యిండ్లలో అనుమానించినవారు లేరు. చేదన్న నింద యొకటి తప్ప వాటిపై వేరు నింద మనము విని యెరుగము. కాగిన నూనెలో పడి ఎర్రబడునప్పుడును, దోరగా వేగి పొడియై మాగాయలో కలియునప్పుడును, దోసెపిండితోపాటు నాని కాలిన పెనముపై పరచుకొనునప్పుడును, ఆ గింజను అంటియున్న క్రిమి నిప్పును దాటి మన కంచములోనికి వచ్చుట దుర్ఘటము. కాని అదే గింజను నిప్పు చూపక, నానబోసి, వెచ్చని తేమలో కొన్ని దినములుంచి, మొలకెత్తిన పిమ్మట పచ్చిగనే కూరగాయముక్కలపై చల్లి తినుట ఐరోపా దేశములలో పరిపాటి. మొలకకు ఏ వెచ్చదనము, ఏ తేమ హితమో క్రిమికిని అవియే హితము; గింజపై పదియో పరకయో ఉన్నవి మొలక వచ్చునాటికి లెక్కకు మిక్కిలి కాగలవు. ఈ సంగతి 2011 వేసవిలో ఉత్తర జర్మనీలో ఎంత ఘోరముగా రుజువైనదో చెప్పుటకును, ఆ ఘోరమును ఛేదించుటలో డి.ఎన్‌.ఏ.ను చదువు యంత్రము ఎంతవరకు పనికివచ్చినదో, ఎచట పనికిరాలేదో విచారించుటకును ఈ వ్యాసము.

ఆ యేడు మే 19న హాంబర్గు నగరమునుండి అంటురోగములను విచారించు బెర్లినులోని రాబర్టు కాఖ్ సంస్థకు ఒక కబురు అందినది. ముగ్గురు పిల్లలు నెత్తుటి విరేచనములతో ఆరంభమై, ఎర్రకణములను పగులగొట్టి, కడకు మూత్రపిండములను స్తంభింపజేయు వ్యాధితో ఆసుపత్రిలో చేరిరట. సంస్థవారు వెళ్ళి చూచునప్పటికి పిల్లలే కాదు, పెద్దలును, వారిలో విశేషించి స్త్రీలును, అదే వ్యాధితో మంచములు నింపియుండిరి. పసిపిల్లల వ్యాధిగా వైద్యులు ఎరిగిన దానికి ఈ రూపము కొత్తది. జులై మాసాంతమున అంటు ముగిసినదని ప్రకటించునాటికి వ్యాధిగ్రస్తులు సుమారు 3,800. మూత్రపిండములు దెబ్బతిన్నవారు 800 పైచిలుకు. మరణించినవారు ఏబదిమందికి మించిరి.

నడుమ ఒక తొందరపాటు జరిగినది. మే 26న హాంబర్గు అధికారులు స్పెయిను దేశపు కీరదోసకాయలను దోషులుగా ప్రకటించిరి. ఆ కాయలపై విషము పుట్టించు ఈ-కోలై బాక్టీరియా ఉన్నమాట నిజమే. అయిదు దినములలో తేలినదేమనగా, రోగుల కడుపులోనిది అది కాదు, వేరొక తెగ. అప్పటికే స్పెయిను రైతుల కూరగాయలు కొనువారు లేక కుప్పలుగా పారబోయబడినవి. ఇంటిపేరు ఒకటైనంత మాత్రమున మనిషి ఒకడగునా? ఒక ఊరిలో ఒకే యింటిపేరు గలవారు నూరుగురుందురు. వారిలో దొంగ యొక్కడైనచో, ఆ పేరు చూచి మొదట కనబడినవానిని చావడికి ఈడ్చుకొనిపోవుట న్యాయము కాదు గదా. అనువర్తిత సూక్ష్మజీవశాస్త్రమున గడచిన నూరేండ్ల చిక్కు ఇంచుమించు ఇదియే. మన యందరి ప్రేవులలోను నిరపాయముగా కాపురముండు ఈ-కోలైయే, మరికొన్ని జన్యువులు చేరినప్పుడు ప్రాణాంతకమగును. పేరు మాత్రము రెంటికిని ఒక్కటే.

పాత పద్ధతిలో ప్రయోగశాలవారు చేయునది అగరు పోసిన గాజుపళ్ళెముపై నమూనాను పూసి, రాత్రంతయు వెచ్చగానుంచి, తెల్లవారి లేచిన చుక్కల రంగు, రూపము చూచి జాతిని నిర్ణయించుట. ఇందులో ఒక కిటుకుండెను. విషము పుట్టించు ఈ-కోలైలలో ప్రసిద్ధమైన ఓ157 అనునది సార్బిటాల్ అను చక్కెరను పులియబెట్టలేదు. కావున సార్బిటాలు కలిపిన పళ్ళెములో అది రంగు లేని చుక్కగా బయటపడిపోవును. హాంబర్గు క్రిమియో సార్బిటాలును సుఖముగా పులియబెట్టి, తక్కిన నిరపాయమైన బంధువులతోపాటు రంగు వేసికొని కూర్చుండెను. దొంగ పెండ్లివారి బట్టలు కట్టుకొని పంక్తిలో కూర్చున్నట్లు! తరువాత రక్తరసపరీక్షలు చేసి దానికి ఓ104:హెచ్‌4 అను గుర్తు వేసిరి. గుర్తు దొరకినది గాని, ఇది ఎవరి బిడ్డ, ఇంత విషము దీనికెట్లు అబ్బినది, ఏ మందునకు లొంగును అను ప్రశ్నలకు ఆ గుర్తు సమాధానము చెప్పదు.

అందులకు దాని డి.ఎన్‌.ఏ. యను గ్రంథమును మొదటినుండి చివరవరకు చదువవలసియున్నది. ఆ గ్రంథము నాలుగే అక్షరములతో వ్రాయబడినది. ఈ క్రిమి విషయమున దాని నిడివి సుమారు 53 లక్షల అక్షరములు. 1977లో ఇంగ్లండున ఫ్రెడరిక్ సాంగర్ డి.ఎన్‌.ఏ.ను చదువు సుకరమైన మార్గమును కనిపెట్టిన నాడు, ఆయన బృందము చదివిన మొదటి సంపూర్ణ గ్రంథము ఒక వైరసుది. దాని నిడివి 5,400 అక్షరములకు లోపే. స్వతంత్రముగా బ్రతుకు ఒక జీవి గ్రంథమును పూర్తిగా చదువుట 1995లో గాని సాధ్యపడలేదు. ఆ జీవి హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అను బాక్టీరియా, దాని గ్రంథము 18 లక్షల 30 వేల అక్షరములు. ఆనాడు పలువురు కూడి పెద్ద ప్రయోగశాలలో చేసిన పనిని ఈనాడు బల్లపై పట్టు పెట్టె యొకటి ఒక పూటలో చేయుచున్నది.

చదువుటయన్నది ఎట్లో కొంచెము నిదానించి చూడదగును. హాంబర్గు క్రిమి విషయమున మొదట వాడిన యంత్రము చేయు పని వింతగనే యుండును. డి.ఎన్‌.ఏ.ను వేలకు వేల చిన్నముక్కలుగా నరికి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క సూక్ష్మమైన గుంటలో ఉంచి, దానికి ఎదుటి పోగును ఎంజైముచేత నేయించుదురు. నాలుగు అక్షరములను వరుసగా ఒకదాని తరువాత ఒకటి గుంటలపై పారించగా, ఏ గుంటలో సరియైన అక్షరము పోగులో చేరునో ఆ గుంటలో ఒక హైడ్రోజను అయాను వెలువడి రవ్వంత ఆమ్లత పెరుగును. గుంట అడుగున నున్న చిప్పు ఆ పులుపును కనిపెట్టి వ్రాసికొనును. మరియొక విధమైన యంత్రములలో పులుపునకు మారుగా రంగుల వెలుగులుండును; అక్షరమక్షరమునకు ఛాయాచిత్రము తీయబడును. ఏ విధమైనను ఒక్క దోషము సామాన్యము: ముక్కలు మిక్కిలి పొట్టివి, నూరు అక్షరములో, రెండువందలో.

ముక్కలను కూర్చుటయే అసలు పాండిత్యము. ఒకే తాళపత్రగ్రంథమునకు ముప్పది ప్రతులున్నవనియు, చెదలు వాటినన్నిటిని వేరువేరు చోట్ల కొరికి తుంపులు చేసినవనియు అనుకొందము. ఒక తుంపు చివరనున్న పదములు మరియొక తుంపు మొదట కనబడినచో రెంటిని ఒకదాని వెనుక ఒకటి పేర్చుచు, ఎంత ఓపిక గల పండితుడైనను కొన్నేండ్లకు గ్రంథమును ఉద్ధరింపగలడు. అయితే ఆ గ్రంథము శతకమైనచో? ప్రతి పద్యాంతమునను ఒకే మకుటముండును. మకుటము మాత్రమే మిగిలిన తుంపు చేతికి వచ్చినప్పుడు అది ఎన్నవ పద్యము తోకయో చెప్పుట బ్రహ్మకును తరము కాదు. బాక్టీరియా గ్రంథములోను ఇట్టి మకుటములు మెండు. అందుచేతనే పొట్టి తుంపుల కూర్పులో సందులు మిగులును. ఒకే విడతలో వేల అక్షరములను చదువు దీర్ఘపఠన యంత్రములు వచ్చిన పిదప, తుంపు ఒక్కటియే మకుటమును దాటి ఇరుప్రక్కల పద్యములను గూడ చూపుచుండుటచే, ఆ సందులు పూడినవి. జర్మను క్రిమి గ్రంథమును కొద్దివారములలోనే ఇట్టి యంత్రములతోను చదివిరి.

హాంబర్గు వైద్యవిశ్వవిద్యాలయమువారు పంపిన నమూనాను చైనాలోని షెంజెన్ నగరమున బీజీఐ సంస్థవారు మూడు దినములలో చదివి, జూన్ 2న ఆ ముక్కలన్నిటిని ఎవరైనను తీసికొనవచ్చునని లోకమునకు విడిచిపెట్టిరి. శాస్త్రజ్ఞులు తమ ఫలితములను పత్రిక అచ్చు వేయువరకు భోషాణములో దాచుకొను ఆచారము గలవారని తెలిసినవారికి ఈ ఔదార్యము చిన్నదిగా తోచదు. ఒక దినము తిరుగకమునుపే వేరొక ఖండములోని యొకడు ముక్కలను కూర్చెను. మరియొకడు దాని బంధువులను వెదకెను. ముఖపరిచయమైనను లేనివారు రాత్రింబవళ్ళు ఒకరి లెక్కను ఒకరు సరిచూచుకొనిరి.

గ్రంథము చెప్పిన కథ యిది. ఈ క్రిమి ప్రఖ్యాతమైన ఓ157 వంశమునకు చెందినదే కాదు. దీని సమీపబంధువు వెనుక మధ్య ఆఫ్రికా రిపబ్లిక్కులో ఒక విరేచనరోగినుండి తీసినది. అది ప్రేవుగోడలకు ఇటుకలు పేర్చినట్లు గుంపుగా అంటుకొను తెగ, చిరకాలము బాధించును గాని మూత్రపిండముల జోలికి పోదు. ఆ తెగలోని ఒక శాఖలోనికి, బాక్టీరియాలనే పట్టి పీడించు ఫేజి అను వైరసు యొకటి షీగా విషపు జన్యువును మోసికొని వచ్చి, గ్రంథములో తన పుటను కుట్టి స్థిరపడినది. అంటుకొను గుణము ఒక వంశమునుండి, విషము మరియొక వంశమునుండి. రెండును ఒక్క యింట చేరినవి. ఇంతటితో ఆగక, ప్లాస్మిడు అను ఉంగరమువంటి చిన్న డి.ఎన్‌.ఏ. ముక్కపై పెన్సిలిను, సెఫలోస్పోరిను జాతుల మందులను ఖండించు ఎంజైముల జన్యువులును దీనికి లభించినవి. పేరు చూచినచో ఎన్నడును తెలియని యీ సంకర చరిత్ర, గ్రంథము చదువగా వారముతిరుగకుండ తెలిసినది.

ఈ కథను చెప్పువారు పలువురు ఇచట నిలిచి యంత్రమునకు పట్టము కట్టుదురు. నాకది న్యాయముగా తోచదు. మొలకలే మూలమని పట్టి యిచ్చినది యంత్రము కాదు, వంటవారు. రోగులను ఏమి తింటిరని అడిగినప్పుడు టొమాటోలు, కీరకాయలు, ఆకుకూరలు చెప్పిరి గాని, పళ్ళెము అంచున అలంకారముగా చల్లిన చిటికెడు మొలకలు ఎక్కువమందికి జ్ఞాపకమే లేవు. పెండ్లిభోజనములో ఏమేమి తింటివని మనలను ఎవరైన అడిగినచో పులిహోరయు బూరెలును చెప్పుదుము గాని, పెరుగుపచ్చడిపై కొత్తిమీర ఉండెనా యని ఎవరికి గుర్తుండును? అప్పుడు రాబర్టు కాఖ్ సంస్థవారు తెలివిగా దారి మార్చి, లూబెక్ నగరములోని ఒక భోజనశాలకు పోయి, గుంపులుగా వచ్చి తినిపోయినవారి పద్దులు తీసి, ఎవరు ఏ వంటకము తెప్పించుకొనిరో చూచి, ఆ వంటకములో ఏమేమి ఎంతెంత పడునో వంటవారినే అడిగి వ్రాసికొనిరి. అప్పుడు తేలినది: మొలకలు వడ్డింపబడినవారికి వ్యాధి వచ్చుట తక్కినవారికన్న సుమారు 14 రెట్లు అధికము, వ్యాధి వచ్చినవారిలో మొలకలు వడ్డింపబడనివాడు ఒక్కడును లేడు. పద్దు పుస్తకము, వంటవాని జ్ఞాపకము, కాలినడకన తిరిగిన విచారణ, ఇవి లేనిచో 53 లక్షల అక్షరములును వట్టి అక్షరములే.

మొలకలు దిగువ సాక్సనీలోని ఒక చిన్న తోటనుండి వచ్చినవి. జూన్ నెలలోనే ఫ్రాన్సులో బోర్డో పట్టణము చెంత ఒక ఉత్సవమున, ఇంట పెంచిన మొలకలు చల్లిన వంటకములు తిని మరికొందరు అదే వ్యాధికి లోనైరి. ఆ మొలకలు జర్మను తోటనుండి వచ్చినవి కావు. అయినను క్రిమి అదియే. రెండుచోట్లకు సామాన్యమైనదేమని దస్త్రములు తిరుగవేయగా, 2009 చివర ఈజిప్టునుండి ఓడలో వచ్చిన 15,000 కిలోల మెంతుల సరుకు ఒక్కటి కనబడినది. ఇచట మరల గ్రంథపఠనము ఒక విచిత్రమును చూపినది. లేఖకులు ప్రతికి ప్రతి వ్రాయునప్పుడు అక్షరదోషములు దొర్లునట్లు క్రిమి చీలినప్పుడెల్ల అక్కడక్కడ ఒక అక్షరము మారును. రెండు ప్రతుల నడుమ తప్పులు తక్కువైనచో అవి ఇటీవలే విడిపోయినవని అర్థము. వేలమందిని పీడించిన జర్మను క్రిములలో పరస్పరభేదము దాదాపు శూన్యము. పదునైదుమందిని మాత్రమే తాకిన ఫ్రెంచి క్రిములలో భేదము అంతకన్న ఎక్కువ. తోటకు చేరునప్పటికి ఏ కొలదిపాటి క్రిములో మిగిలి, వాటి సంతతియే ఉత్తర జర్మనీని ముంచినదని పరిశోధకులు ఊహించిరి. ఎట్టి పేరుచీటీయు ఈ మాట చెప్పజాలదు.

క్రిమిని శత్రువుగా చూచు ఈ కథనుండి, మన యింటి పెరుగుగిన్నెకు రండు. తోడుకు ఒక చెంచాడు చేమిరి. అదియు చెడిపోయినచో పొరుగింటికి గిన్నె పంపుదుము. వేల లీటర్ల పాలను ఒక్క తొట్టిలో తోడుపెట్టు కర్మాగారమునకు ఇట్టి పొరుగిల్లు లేదు. అందలి తోడు బాక్టీరియాలలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్‌ను ఫేజి పట్టినచో తొట్టి తొట్టియంతయు తోడుకొనక చెడును. ఇట్టి తోడును తయారుచేయు డానిస్కో సంస్థలో పనిచేసిన రొడాల్ఫ్ బరాంగూ, ఫిలిప్ హోర్వాత్ అనువారు ఈ బాక్టీరియాపై కావలెనని ఫేజిని వదలి, చావక మిగిలినవాటి గ్రంథమును చదువగా, ఒకే మకుటము మాటిమాటికి వచ్చు ఒక ఘట్టములో, మకుటమునకు మకుటమునకు నడుమ, ఒక కొత్త చరణము చేరియుండుట కనబడినది. ఆ చరణము వేరెచటిదియు కాదు, తన్ను చంపవచ్చిన ఫేజి గ్రంథములోని తునకయే! శత్రువు ముఖమును గోడపై చిత్రించుకొని, మరల వచ్చినప్పుడు గుర్తుపట్టి నరకుటకు ఇది ఏర్పాటు. ఆ చరణమును తీసివేసినచో రక్షణ పోయెను, చేర్చినచో వచ్చెను. 1987లోనే జపానులో ఈ-కోలై గ్రంథమున ఇట్టి మకుటములు కనబడినను, వాటి ప్రయోజనమేమో అప్పుడెవరికిని బోధపడలేదు. 2007లో పెరుగు తోడువలన తెలిసినది. క్రిస్పర్ అను పేర జన్యువులను కత్తిరించు పనిముట్టై, 2020లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమునకు ఆధారమైనది ఈ యేర్పాటే.

ఇంతవరకు చెప్పినవి పళ్ళెముపై పెరుగు క్రిములు. మన్ను, చెరువు, మురుగు, పశువు కడుపు, వీటిలోని సూక్ష్మజీవులలో అత్యధికభాగము గాజుపళ్ళెముపై పెరుగనే పెరుగవు. సూక్ష్మదర్శినిలో నూరు కనబడిన చోట పళ్ళెముపై ఒకటి లేచినను గొప్ప. 1977లో కార్ల్ వోస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ప్రతి జీవిలోను ఉండి తీరు రైబోసోము ఆర్‌.ఎన్‌.ఏ.ను పోల్చి వంశవృక్షమును గీయవచ్చునని చూపినది మొదలు, పెంచకయే గుర్తించు మార్గము తెరచుకొన్నది. పిడికెడు మట్టిలోని డి.ఎన్‌.ఏ.నంతయు ఒక్కమారే చదువుట నేడు సామాన్యమైనది. హైదరాబాదులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రజ్ఞులు 2020లో నగరపు మురుగునీటిలో కరోనా వైరసు జాడలను కొలిచి, ఇల్లిల్లు తిరుగకయే వ్యాప్తిని అంచనా వేసినది ఈ మార్గమునకు దాయాదియే.

యంత్రములును నానాటికి చిన్నవగుచున్నవి. అరచేతిలో ఇముడు ఒక పరికరమున, పొరలో గుచ్చిన ప్రోటీను రంధ్రములోనుండి డి.ఎన్‌.ఏ. పోగు జారుచుండగా, అక్షరమును బట్టి విద్యుత్ప్రవాహము మారును. ఆ మార్పులే చదువు. 2015లో దీనిని ప్రయాణపు పెట్టెలలో సర్దుకొని గినీ దేశమునకు పోయి ఎబోలా వైరసును చదివిరి. మరుసటి యేడు అంతరిక్షకేంద్రములో వ్యోమగామి కేట్ రూబిన్స్ దీనితోనే డి.ఎన్‌.ఏ. చదివెను. ఇందులో నాకు ముచ్చటయైన సంగతి వేరొకటి గలదు. ఈ పరికరములలో విరివిగా వాడిన రంధ్రము ఈ-కోలై దేహములోని ఒక ప్రోటీనునుండి మలచినది. దొంగ యింటి కిటికీలోనుండియే దొంగను చూచుట!

అయినను చదువునకు ఒక గ్రుడ్డితనము గలదు. డి.ఎన్‌.ఏ. క్రిమి చచ్చిన పిమ్మటను కొంతకాలము నిలుచును. అక్షరములు బ్రతికినవానివో చచ్చినవానివో యంత్రము చెప్పదు. మరిగించిన పాలలో దొరకిన జాడకు భయపడవలెనా వలదా అనుదానిని పాత గాజుపళ్ళెమే తేల్చవలెను. అంతకన్న హాస్యాస్పదమైనది, డి.ఎన్‌.ఏ.ను వేరుచేయుటకు అంగడిలో కొను ద్రావకములలోనే బాక్టీరియా డి.ఎన్‌.ఏ. కలిసియుండుట. 2014లో ఒక బృందము దీనిని పరీక్షించి చూపినది: నమూనా పలుచనైనకొలది యంత్రము చదువునది నమూనాను కాదు, సీసాలోని మలినమును. జాగ్రత్తగల ప్రయోగశాలవారు అందుచేత ప్రతి విడతలోను ఒక ఖాళీ గొట్టమును గూడ, నమూనాతో సమానముగా సకలోపచారములు చేసి చదివింతురు.

ఈజిప్టు మెంతుల సంగతి మిగిలినది. ఐరోపా సమాఖ్య ఆ సరుకు తాలూకు గింజలను అంగళ్ళనుండి తీయించి నాశనము చేయించి, ఈజిప్టునుండి మెంతుల దిగుమతిని కొంతకాలము ఆపివేసినది. పద్దులు, వంటకములు, దస్త్రములు, వంశవృక్షము, అన్నియు ఆ మూటవైపే వ్రేలు చూపినవి. చేజిక్కిన గింజలను నానబెట్టిరి, మొలకెత్తించిరి, పళ్ళెములపై పూసిరి. ఓ104:హెచ్‌4 ఒక్క గింజపైనను దొరకలేదు.